కాంటెస్సాకు వెనుక లావు టైర్లు: మడ్‌గార్డు లోపల చోటు ఎంత?

నల్లగొండ, మిర్యాలగూడ ప్రాంతాల్లో రైసు మిల్లుల షెడ్లలోనూ, పాత ఇండ్ల వాకిళ్లలోనూ ఏపీ 24 నంబరు పలకతో దుమ్ము పట్టి నిలబడిన కాంటెస్సాలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. మా మేనమామ దగ్గర నుంచి నాకు వచ్చినది అలాంటి కారే, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజను ఉన్న కాంటెస్సా క్లాసిక్. దానికి వెనుక వెడల్పు టైర్లు వేసిన తర్వాత ఇదే మోజు ఉన్న మిత్రులు చాలామంది ఏ సైజు వేశావు, మడ్‌గార్డుకు రాచుకోవడం లేదా అని అడుగుతున్నారు. సైజు చెప్పడం తేలికే. అయితే నా కారులో పట్టిన సైజు మరో కాంటెస్సాలో పట్టకపోవచ్చు కాబట్టి, ఆ సైజు దగ్గరికి ఎలా చేరానో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని ఈ వివరమంతా రాస్తున్నాను.

కాంటెస్సాను మన దేశపు మజిల్ కారు, అంటే మామూలు కారులో భారీ ఇంజను పెట్టే అమెరికా రకం, అనడం ఎప్పటి నుంచో ఉంది. హిందుస్థాన్ మోటార్స్ 1984లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి దాన్ని విడుదల చేసింది. 2002లో తయారీ ఆగిపోయింది. దాని మూలం బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ వారి 1970ల నాటి కారు. పొడవాటి బానెట్టు, నాలుగు గుండ్రటి హెడ్‌లైట్లు, వెనుక చక్రాలకు అందే ఇంజను శక్తి, ఇవన్నీ కలిసి దానికి అమెరికా కార్ల పోలిక తెచ్చాయి. పోలిక అక్కడితోనే ఆగుతుందని కూడా ఒప్పుకోవాలి. 1964 నాటి పాంటియాక్ జీటీఓలో 389 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 6.4 లీటర్ల వీ8 ఇంజను ఉండేది. మొదటి కాంటెస్సాలలో ఉన్నది అంబాసిడర్‌లోని 1,489 సీసీ ఇంజనే. ఇసుజు ఇంజను వచ్చాక పరిస్థితి మెరుగుపడింది గానీ, అది కూడా 90 హార్స్‌పవర్‌కు లోపే.

ఈ లెక్క ఎందుకంటే, అమెరికాలో వెనుక టైర్లు వెడల్పు కావడానికి ఒక కారణం ఉంది. ఆ కాలపు మజిల్ కార్లకు కంపెనీ ఇచ్చిన టైర్లు సన్నవి, లోపలి దారాలు ఏటవాలుగా పరిచిన బయాస్ ప్లై అనే పాత రకానివి. ఎఫ్70-14 అనే సైజు అప్పట్లో పెద్దదిగా లెక్క. ఇంజను బలాన్ని ఆ టైర్లు రోడ్డుకు అందించలేక అక్కడికక్కడే తిరిగి పొగలు కక్కేవి. డ్రాగ్ రేసులు, అంటే తిన్నని దారి మీద కొద్ది దూరపు వేగ పోటీలు, ఆడేవాళ్లు మెత్తని రబ్బరుతో చేసిన వెడల్పు టైర్లు వెనుక వేసుకున్నారు. వాటిని పట్టించడానికి మడ్‌గార్డు లోపలి గూడును పెద్దది చేశారు, ఇరుసును పొట్టిది చేశారు. అవసరం కోసం పుట్టిన ఆ రూపమే తర్వాత అందమైంది. 90 హార్స్‌పవర్‌ లోపున్న నా కారుకు ఆ అవసరం లేదు. నేను వెడల్పు టైర్లు వేసింది చూడడానికి బాగుంటుందనే. అందం కోసం చేసే పని బండికి చేటు చేయకూడదు; ఎక్కడ ఆగాలన్న ప్రశ్న ప్రతిసారీ అక్కడి నుంచే వచ్చింది.

వెడల్పు టైరు వేస్తే రోడ్డుకు ఆనే వైశాల్యం అంతే మేరకు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వైశాల్యాన్ని ప్రధానంగా నిర్ణయించేవి చక్రం మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. ఒక్కో వెనుక చక్రం మీద 300 కిలోల బరువు ఉందనుకుంటే, 30 పీఎస్ఐ గాలి దగ్గర రోడ్డును తాకే చోటు సుమారు 140 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. టైరు గోడల బిగువును బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు. సన్న టైరులో ఈ చోటు పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. లావు టైరులో పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. వెడల్పు టైరుకు గాలి కొంచెం తగ్గించుకునే వీలుండడం, దాని రబ్బరు తరచుగా మెత్తనిది కావడం వల్ల పట్టు పెరుగుతుంది.

ఇక కొలతలు. నేను వెనుక వేసిన టైరు మీద 225/60 ఆర్15 అని ఉంది. అందులో 225 అన్నది రెండు పక్క గోడల మధ్య మి.మీ.లలో వెడల్పు, 60 అన్నది ఆ వెడల్పులో గోడ ఎత్తు శాతం, 15 అన్నది రిమ్ వ్యాసం అంగుళాల్లో. గోడ ఎత్తు 135 మి.మీ. కాబట్టి మొత్తం వ్యాసం 381కి రెండు గోడలు కలిపి 651 మి.మీ. అవుతుంది. నా కారుకు మొదట ఉన్నవి 14 అంగుళాల రిమ్‌ల మీద 185/70 టైర్లు. వాటి వ్యాసం 615 మి.మీ. గుర్తుంచుకోవాల్సిన మరో సంగతి, టైరు మీద రాసిన వెడల్పు ఒక నిర్ణీత రిమ్ మీద కొలిచినది. ఆ రిమ్ మీద కూడా అసలు కొలత రాసిన అంకె కన్నా కొన్ని మి.మీ.లు ఎక్కువే రావచ్చు. రిమ్‌ను అర అంగుళం వెడల్పు చేస్తే టైరు పొట్ట ఇంకో 5 మి.మీ. దాకా ఉబ్బుతుంది. 225 టైరును 7 అంగుళాల రిమ్‌కు ఎక్కిస్తే చేతికి వచ్చే అసలు వెడల్పు దాదాపు 233 మి.మీ. ఈ 8 మి.మీ.ల తేడాను లెక్కలోకి తీసుకోకపోతే మడ్‌గార్డు అంచు గోడను గీస్తుంది.

పాత చక్రం బిగించి ఉండగానే, కారు నాలుగు కాళ్ల మీద సమతలంలో నిలబడి, డిక్కీలో స్టెప్నీ, ట్యాంకులో సగం పెట్రోలు ఉన్నప్పుడు కొలిచాను. వెనుక టైరు లోపలి గోడ నుంచి గూడు గోడ దాకా 32 మి.మీ., బయటి గోడ నుంచి మడ్‌గార్డు అంచు దాకా 38 మి.మీ. వచ్చాయి. ఇవి ఎడమ పక్కవి. కుడి పక్క అంతకన్నా కొంత ఎక్కువ చోటు ఉంది. మూడు దశాబ్దాలుగా డెంటింగ్ పనులు జరిగిన బండిలో రెండు పక్కలూ సమానంగా ఉంటాయని ఆశించకూడదు, ఇరుకైన పక్క కొలతతోనే లెక్క చేయాలి. పాత టైరు అసలు వెడల్పు 189 మి.మీ., కొత్తది 233 మి.మీ.; తేడా 44 మి.మీ., అంటే పక్కకు 22. లోపల 10, బయట 16 మిగులుతాయి. కాగితం మీద పట్టినట్టే. కదలని బండికైతే అది చాలు.

కాంటెస్సా వెనుక రెండు చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు, మన మెకానిక్‌లు హౌసింగ్ అనేది, కలిపి ఉంచుతుంది. ఒక చక్రం స్పీడు బ్రేకర్ ఎక్కితే ఇరుసంతా వాలుతుంది, పైకి లేచిన చక్రం తల లోపలి వైపుకు ఒరుగుతుంది. కాబట్టి నిలబడి ఉన్నప్పుడు లోపల కనిపించే ఖాళీ, గుంతలో ఒక పక్క దిగబడినప్పుడు ఉండదు. ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే రాడ్డు ఉన్న బండ్లలో ఇరుసు పైకీ కిందికీ పోతున్నప్పుడు కొద్దిగా పక్కకు కూడా జరుగుతుంది. కమాన్ పట్టీల బండ్లలో మలుపు తిరిగేటప్పుడు పట్టీలే పక్కకు వంగుతాయి. ఇవన్నీ కలిపి లోపల కనీసం 15 మి.మీ., బయట 20 మి.మీ.కు పైగా మిగలాలన్నది నేను పెట్టుకున్న నియమం.

టైర్లు కొనకముందే దీన్ని సరిచూసుకోవచ్చు. కొత్త ఫ్రిజ్జుతో వచ్చిన థర్మకోల్ పలకలను ఒకదాని మీద ఒకటి అంటించి 651 మి.మీ. వ్యాసం, 233 మి.మీ. మందం ఉన్న గుండ్రని దిమ్మ చేసి, దాన్ని ప్లైవుడ్ పలకకు బిగించి, చక్రం ఉండే చోట స్టడ్లకు, అంటే చక్రం బిగించే బోల్టులకు, తగిలించాం. స్ప్రింగులు తీసేసి, హౌసింగ్ కింద జాకీ పెట్టి రబ్బరు స్టాపులు తగిలే దాకా లేపాం. తర్వాత ఒక పక్కనే లేపి మరో పక్క కిందికి వదిలాం. థర్మకోల్ మీద పడిన గీతలు ఎక్కడ తగులుతుందో చెప్పేశాయి. ఎక్కువ మంది చక్రం పైభాగాన్నే చూస్తారు గానీ, వ్యాసం పెరిగినప్పుడు ముందుగా తగిలేది తరచుగా గూడు ముందు అంచు, అంటే వెనుక తలుపు వైపు ఉండే మూల. మా థర్మకోల్ మీద గీత పడింది కూడా అక్కడే, బయటి అంచు దగ్గర.

మెకానిక్ అన్న ఇదంతా కాసేపు చూసి, తన దారిలో ఒక సలహా ఇచ్చాడు.

“సార్, గింత కష్టం దేనికి? బొలెరో టైర్లు ఏసుకుందాం. లావుకు లావు, గట్టికి గట్టి. నల్లగొండల ఏ షాపుకు పోయినా దొరుకుతయి.”

“వెడల్పు సరే అన్నా, ఎత్తు చూడు” అని కాగితం మీద లెక్క వేసి చూపించాను. బొలెరోకు వచ్చే 215/75 ఆర్15 టైరు గోడ 161 మి.మీ., మొత్తం వ్యాసం 703 మి.మీ. నా పాత టైరు కన్నా 88 మి.మీ. ఎత్తు. అది వేస్తే కారు వెనుక భాగం 44 మి.మీ. లేవడమే కాక, గూడులో పైనా ముందూ ఖాళీ ఉండదు. “అయితే ఎడ్ల బండే అయితది” అని నవ్వి ఒప్పుకున్నాడు.

రిమ్ ఎంపికలో అసలు నిర్ణయం ఆఫ్‌సెట్‌ది. రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్య గీత ఎక్కడుంది, హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి, ఆనే ముఖం ఎక్కడుంది అన్న రెంటి మధ్య దూరమే ఆఫ్‌సెట్. ఆనే ముఖం బయటి వైపుకు ఉంటే అది ధనం. ఆ సంఖ్య తగ్గే కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. నాకు లోపల 10, బయట 16 మిగులుతున్నాయి. లోపల 15 కావాలి. అందుకని పాత రిమ్ కన్నా ఆఫ్‌సెట్ 5 మి.మీ. తక్కువ ఉన్న 7 అంగుళాల రిమ్‌లు ఎంచుకున్నాను. అప్పుడు లోపల 15, బయట 11 అయ్యాయి. బయట కావలసిన మిగతా చోటు మడ్‌గార్డు అంచును లోపలికి మడవడం వల్ల దొరికింది. దాని సంగతి కింద చెబుతాను.

రిమ్ కొనేటప్పుడు పీసీడీని, అంటే బోల్టు రంధ్రాల మీదుగా గీసిన వృత్తపు వ్యాసాన్ని, మన చేత్తోనే కొలుచుకోవాలి. నాలుగు బోల్టులైతే ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే పీసీడీ. ఐదు బోల్టులకు ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని 1.7013తో హెచ్చించాలి. దగ్గరగా ఉంది కదా, నట్టు లాగేసుకుంటుందిలే అనే దుకాణదారుల మాట వినవద్దు. అలా ఒత్తిడితో కూర్చున్న స్టడ్లు కొన్నాళ్లకు తెగుతాయి. మధ్య రంధ్రం హబ్బు కన్నా పెద్దదైతే ఆ ఖాళీని నింపే రింగు వేయించాలి, లేకపోతే 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది. నట్టు స్టడ్డు మీద కనీసం స్టడ్డు మందమంత లోతు పట్టాలి. 12 మి.మీ. స్టడ్డుకు మర 1.5 మి.మీ. చొప్పున ఉంటే ఎనిమిది చుట్లు తిరగాలి. చక్రానికీ హబ్బుకూ మధ్య స్పేసర్ పెడితే మొదట తగ్గిపోయేది ఈ పట్టే. సరైన ఆఫ్‌సెట్ రిమ్ దొరుకుతున్నప్పుడు స్పేసర్ పెట్టడం నాకు నచ్చదు.

పాత ఇనుప రిమ్‌ను నడుమ కోసి, పట్టీ వేసి వెల్డింగ్ చేసి వెడల్పు చేసే పద్ధతి మన లేత్ షాపుల్లో ఉంది, ఖర్చు కూడా తక్కువ. ట్రాక్టరు ట్రాలీకైతే నాకు అభ్యంతరం లేదు. హైవే మీద పోయే ట్యూబ్‌లెస్ టైరుకు మాత్రం వద్దు. ఆ అతుకు గుండా గాలి పోవచ్చు, రిమ్ గుండ్రం తప్పవచ్చు, ఆ రెండూ బాగున్నా వెల్డు ఎంత లోతుకు పట్టిందో పైకి తెలియదు.

మడ్‌గార్డు అంచు సంగతికి వస్తే, దాన్ని మడవడం అన్ని బండ్లకూ ఒకేలా కుదిరే పని కాదు. కారు బయటి రేకూ, లోపలి గూడు రేకూ కలిసే చోట ఒక చిన్న మడత లోపలికి తిరిగి ఉంటుంది. రెండు రేకులనూ అక్కడే చుక్కల వెల్డింగుతో అతికిస్తారు. నా బండిలో ఆ మడత 12 మి.మీ. వెడల్పు ఉంది. దాన్ని పైకి తట్టి గూడు రేకుకు ఆనించేస్తే ఆ 12 మి.మీ.లూ మనకు దక్కుతాయి, బయటి ఖాళీ 23 మి.మీ. అవుతుంది. అమెరికాలో చాలామంది బేస్‌బాల్ బ్యాటును టైరుకూ అంచుకూ మధ్య దూర్చి, కారును నెమ్మదిగా ముందుకు తోసి అంచును మడుస్తారు. హబ్బుకు బిగించి రోలరుతో నొక్కే పనిముట్టు కూడా ఉంది. మన డెంటింగ్ మేస్త్రీ చెక్క సుత్తి, వంపు తిరిగిన ఇనుప దిమ్మ పట్టుకుని అంగుళం అంగుళంగా తట్టాడు. చేతి పనిలో ఉన్న ఆ నిదానం నాకు రోలరు కన్నా బాగనిపించింది, ఎందుకంటే రేకు ఎక్కడ మొండికేస్తుందో సుత్తికి వెంటనే తెలుస్తుంది.

పెయింటును వేడి గాలితో ముట్టుకుంటే చేయి కాలేంత వెచ్చగా చేయకుండా మడిస్తే అది పగులుతుంది. పాత కార్లలో అంతకన్నా పెద్ద చిక్కు పుట్టీ. ఎన్నోసార్లు దెబ్బలు తిని సరిచేసిన అంచుల మీద రేకు కన్నా పుట్టీయే మందంగా ఉంటుంది. వేడి చేసినా, చేయకపోయినా అది పెచ్చులుగా లేస్తుంది. కాబట్టి అయస్కాంతం పెట్టి చూసి, అది అంటుకోని చోట ముందుగా పుట్టీ తీసేయించి, రేకు పని చేయించి, పెయింటును చివరకు ఉంచుకోవడమే మేలు. మడత వేసిన వెంటనే ఆ అతుకు వెంట సీలెంటు పూయించాలి, లేకపోతే మొదటి వానాకాలంలోనే చక్రం చిమ్మిన బురద అందులో చేరి తుప్పు మొదలవుతుంది. అంచును గ్రైండరుతో కోసేయడం అన్నిటికన్నా చెడ్డ దారి, ఎందుకంటే రెండు రేకులనూ పట్టి ఉంచే వెల్డింగే పోయి అతుకు నోరు తెరుచుకుంటుంది.

ఇంకా లావుగా, 255/60 ఆర్15 వేయవచ్చు కదా అని అడిగిన వాళ్లున్నారు. 8 అంగుళాల రిమ్ మీద దాని అసలు వెడల్పు 265 మి.మీ. దాకా ఉంటుంది. పాత టైరు కన్నా 76 మి.మీ. ఎక్కువ, పక్కకు 38. నా బండిలో లోపల ఉన్నదే 32. ఆఫ్‌సెట్ ఎటు మార్చినా ఒక పక్క రాచుకోవడం ఖాయం. అక్కడి నుంచి పని మారిపోతుంది. గూడును కోసి లోపలికి వెడల్పు చేయాలి, వెనుక సీటు తగ్గించాలి, అది కూడా చాలకపోతే ఇరుసును పొట్టిది చేయాలి. అమెరికాలో ఆ పనులకు తయారుగా దొరికే రేకులూ, ఇరుసులూ ఉన్నాయి. మన దగ్గర ఒక్కో ముక్కను లేత్ మీద కొత్తగా తీయించాలి. పైగా కాంటెస్సాకు విడి ఫ్రేము లేదు, రేకే దాని ఎముక. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాటను గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాల నిబంధనలు 1984 తర్వాత పుట్టిన కాంటెస్సాకు ఇప్పుడే వర్తించవు. కాబట్టి శరీరాన్ని కోయకుండా, చక్రం మడ్‌గార్డు దాటి బయటికి రాకుండా ఎంత వెడల్పు పట్టిందో అంతే నాకు చాలు. చక్రాలు మార్చిన సంగతి బీమా కంపెనీకి రాసి ఇవ్వడం కూడా మరువకూడదు.

ముందు చక్రాలకు 6 అంగుళాల రిమ్‌ల మీద 195/65 ఆర్15 వేశాను. వాటి వ్యాసం 634 మి.మీ. వెనుక కన్నా 17 మి.మీ. తక్కువ కాబట్టి కారు ముందుకు కొద్దిగా వాలి నిలబడుతుంది, మజిల్ కారు కళ సగం అక్కడే ఉంది.

నార్కెట్‌పల్లి నుంచి మిర్యాలగూడ వైపు పోయే అద్దంకి రోడ్డు మీదా, హాలియా మీదుగా సాగర్ పోయే దారిలోనూ నడిపి చూశాక తెలిసిన మార్పులు కొన్ని ఉన్నాయి. వెనుక వ్యాసం దాదాపు 6 శాతం పెరిగింది కాబట్టి గేర్లన్నీ ఆ మేరకు పొడవైనట్టే. కదిలేటప్పుడు ఇంజను కొంచెం బద్ధకిస్తుంది, హైవే మీద మాత్రం చప్పుడు తగ్గింది. స్పీడోమీటరు 80 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 85కు దగ్గరగా ఉంటుంది, స్పీడు కెమెరాల ముందు ఇది గుర్తుండాలి. మలుపుల్లో వెనుక పట్టు ముందు కన్నా ఎక్కువ కావడంతో కారు ముక్కు బయటికి పోవాలని చూస్తుంది. తోక విసిరే పాత అలవాటుతో పోలిస్తే ఇది క్షేమమే గానీ, స్టీరింగు ఇంకాస్త తిప్పాల్సి వస్తుంది. నిలిచిన నీటిలో మాత్రం లావు టైరు సన్న టైరు కన్నా తొందరగా తేలిపోతుంది. మొదటి జల్లుకు చెరువులయ్యే సర్వీసు రోడ్ల మీద 60 దాటడం మానేశాను.

గాలిని పొద్దున, కారు కదలకముందే, ముందు 30, వెనుక 28 పీఎస్ఐ పెడుతున్నాను. టైరు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి వంద గజాలు నడిపితే, గీత మధ్యలో ముందుగా చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. నల్లగొండ మే నెల మధ్యాహ్నం, రోడ్డు కాలి ఉన్నప్పుడు పెట్రోలు బంకులో కొలిచి ఎక్కువైందని తీసేస్తే, మరునాడు పొద్దున టైరు కుంగి ఉంటుంది. కొత్త టైరు కొనేటప్పుడు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడాలి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఈ సైజులు మన దగ్గర ఎక్కువగా కదలవు కాబట్టి గోదాములో ఏండ్లుగా పడి ఉన్న సరుకు అంటగట్టే అవకాశం ఎక్కువ.

అదే కారణంతో స్టెప్నీ గురించి విడిగా ఆలోచించాల్సి వచ్చింది. ఊరి రోడ్ల మీద తుమ్మముల్లు దిగితే 225/60 ఆర్15 కోసం హైదరాబాద్ దాకా పోవాలి, పైగా ఆ లావు చక్రం డిక్కీలోని స్టెప్నీ గుంతలో కూర్చోదు. పాత 14 అంగుళాల చక్రం పెడదామంటే, ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు వ్యాసాలుండి, రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ తిన్నని రోడ్డు మీద కూడా ఎడతెగకుండా పని చేయాల్సి వస్తుంది. ఇన్నోవాకు వచ్చే 205/65 ఆర్15 వ్యాసం 647 మి.మీ., వెనుక టైరుకు 4 మి.మీ.ల తేడా మాత్రమే. దాన్ని 6 అంగుళాల రిమ్‌కు ఎక్కించి స్టెప్నీగా పెట్టాను. వెనుక వేసినా ముందు వేసినా ఇంటికి చేరుస్తుంది, అది అరిగితే దేవరకొండలో దొరుకుతుంది, మిర్యాలగూడలో దొరుకుతుంది.